అరచేతి పరీక్ష

మధ్యాహ్నం మూడైంది. బయట నగానో కొండల మీద మంచు ఎండకు వెలిగిపోతోంది. రాగిరేకు గదిలో మాత్రం పగలూ రాత్రీ ఒక్కటే. ఏ రేడియో తరంగమూ చొరబడకూడదని ఫోన్లు బయటే పెట్టి, తలుపు బిగించుకుని కూర్చుంది చిగుసా. బయట ఆఫీసు ఫోను మోగితే తలుపు మీద ఎర్రబల్బు మిణుకుతుంది, అంతే.

ఆమె ముందున్న బోర్డు టెలిస్కోపు పట్టిన సంకేతాన్ని సెకనుకు వందల కోట్ల అంకెలుగా మార్చాలి. అప్పటికే మూడు బోర్డులు చేతులెత్తేశాయి. ఇది నాలుగోది. ఇదీ పోతే ఈ ఏటి పరిశీలనలకు నీళ్లొదులుకోవాల్సిందే, దాంతోపాటు ఆమె ఉద్యోగానికీ.

చలి పరీక్షకు ద్రవ నత్రజని తేవడానికి పెద్దాయన ఒడాగిరి పొద్దున వ్యాన్‌లో కొండ దిగాడు. ఇప్పుడొచ్చాడు, ఒట్టి చేతులతో. డబ్బా వ్యాన్‌లోనే ఉందన్నాడు. ఈలోగా పాత పద్ధతిలో చూద్దామంటూ బోర్డుకు సంకేతాన్ని అందించే రిసీవరు గరాటా ముందు అరచెయ్యి పెట్టాడు. మనిషి ఒంటి వేడికి తెర మీద గీత కాస్త పైకి లేవాలి.

దిగింది.

"మంచులో పడి వచ్చారు కదా, ముందు చేతులు కాచుకోండి," అని చిగుసా ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. ఆయన ఆ కప్పును రెండు చేతులా పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాడు. తాగలేదు. మళ్లీ చెయ్యి పెట్టాడు. గీత ఇంకా దిగింది... నత్రజని పెట్టినప్పుడు ఆగే చోట ఆగింది.

నాలుగోదీ పోయిందనుకుంది. ఏడుపొచ్చింది. ఆశ చావక తన చెయ్యి పెట్టి చూసింది. గీత చక్కగా లేచింది. తీసింది, దిగింది. పెట్టింది, లేచింది.

బోర్డులో ఏ లోపమూ లేదు. పొద్దుటినుంచీ ఈ మాట కోసమే వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంది. ఇప్పుడు ఈ పాడు బోర్డు చెడిపోయి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

ఎర్రబల్బు మిణికింది.

"ఎత్తకమ్మా," అన్నాడు ఒడాగిరి గొంతు తగ్గించి. "పరీక్ష కాగితం మీద సాక్షి ముద్ర పడనీ. లేకపోతే బోర్డు టెలిస్కోపుకు వెళ్లదు."

జేబులోంచి ముద్ర తీసి కాగితం మీద నొక్కాడు. చిగుసా గోడ పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, తలుపు తోసి ఫోను అందుకుంది. అవతల పోలీసు గొంతు. వంతెన కింద మీ ఆఫీసు వ్యాన్ పడి ఉందంది.

"ఎప్పుడు..."

"పొద్దున పదింటికండీ."

వెనక్కి తిరిగింది. గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. కాగితం మీద ఎర్రముద్ర ఇంకా తడిగానే ఉంది. గరాటా ముందు ఎవరూ లేరు.

తెర మీద గీత మాత్రం... ఇంకా కిందే ఉంది.