ఏటిమొగ దగ్గర పిలుపు

వజ్రపుకొత్తూరు అవతల ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటుకి చెడ్డ పేరుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరో పిలుస్తారట. పలికితే మాత్రం ఇంతే సంగతులు... అందుకే ఆ మొగ వైపు నుంచి పిలుపు వినబడితే చాలు, పక్కనున్న పల్లెలో తలుపులు వేసేసుకుంటారు.

ఈ సంగతి మా తోడల్లుడు ప్రద్యుమ్నకి నేను చెప్పలేదు. నవ్వుతాడని ఊరుకున్నాను. తప్పు నాదే.

2003లో అనంతపురం నుంచి మా పలాస చూడ్డానికి వచ్చాడు. నలభై ఏళ్లొచ్చినా సముద్రం చూడని మహానుభావుడు! రెండ్రోజులు జీడిపప్పు బజారూ, మందస గుడీ తిప్పాను. మూడో రోజు నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. "నేనేమన్నా చిన్నపిల్లోన్నా?" అంటూ ఒక్కడే వజ్రపుకొత్తూరు బస్సెక్కాడు. ఆ తర్వాతదంతా అతను చెప్పగా విన్నదే.

సముద్రం చూసి మతిపోయిందట. ఇసకలో నడుస్తూ నడుస్తూ, మోకాలి లోతు ఏరు దాటి అవతలికి పోయాడు. తిరిగి ఏటి దగ్గరికొచ్చేసరికి పొద్దుగూకింది. అడ్డదారి కదా అని బురదలో కాలు పెట్టాడు—

కాలు దిగింది. దాన్ని లాగబోతే రెండోదీ దిగింది. తొడలదాకా... కదిలినకొద్దీ ఇంకా లోపలికి. అప్పుడు చూసుకున్నాడు, చుట్టూ నీళ్లు పెరుగుతున్నాయి. సముద్రం పోటు మీదుంది.

ఎదురుగా ఇసకదిబ్బ మీద పల్లె. కేకేస్తే వినబడే దూరం.

"ఓయ్!" అని అరిచాడు. "ఓయ్... ఎవరండీ!"

ఒక ఇంట్లో దీపం ఆరింది.

మళ్లీ అరిచాడు. పక్కింటి దీపం ఆరింది. తర్వాత ఆ పక్కది... చూస్తుండగానే పల్లె మొత్తం చీకటైపోయింది. మనుషులున్నారు, వింటున్నారు— అయినా రావడం లేదు. అంత భయం తన జన్మలో ఎరగనన్నాడు. నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి.

ఇక మర్యాదలన్నీ గాలికొదిలేశాడు. ఏడుస్తూ తన ఊరి భాషలో తిట్ల దండకం ఎత్తుకున్నాడు. "మీ ఇండ్లు కూల! ఈడ సచ్చిపోతాండానప్పా! ఉండారా, లేదా మీరు!"

తర్వాత ఎక్కడో తలుపు కిర్రుమంది. ఒక లాంతరు దిబ్బ దిగి వచ్చింది. పట్టుకున్నది ఓ నడివయసు ఆడమనిషి, వెనక తెప్ప మోసుకుంటూ ఇద్దరు మగవాళ్లు.

ఆవిడ దూరంగానే ఆగి గుసగుసగా అడిగింది. "ఎవుర్నువ్వు... మనిసివేనా బావూ?"

"మనిషినే తల్లీ... అనంతపురం."

తెప్పని నీళ్ల మీద అతని దగ్గరికి తోసి, చంకల కింద తాడేసి బయటికి లాగారు. గట్టున పడేశాక వాళ్లలో ఢిల్లీరావు అనే అతను రొప్పుతూనే నవ్వాడు. "నీ మాటే నిన్ను కాసింది బావూ. మా దెయ్యానికి మా మాటే గానీ నీ మాట రాదు. పదేళ్ల కిందట తుఫానుకి మా సింహాద్రి మావ బోటు బోల్తాపడిపోనాది. మూడోనాడు రాత్రి ఇక్కడే, పెళ్లాం పేరెట్టి పిలిసాడు. సచ్చినోడు పిలుత్తన్నాడని ఎవులూ పలకనేదు. ఈ నీలమ్మత్త ఎల్తానంటే తలుపుకి గెడెట్టి అట్టుకున్నాం. తెల్లారి సూత్తే ఏటీ నేదు."

నీలమ్మ నవ్వలేదు. లాంతరు ఎత్తి, ప్రద్యుమ్న ఒంటి మీద నడుం దాకా అంటిన బురదనే చూస్తోంది.

"అయితే... ఆ రేత్రి మాయన బతికుండే పిలిసాడేటర్రా?"