సెంటు పూసుకోని రోజు

నైరోబీ విమానాశ్రయంలో కాఫీ తాగుతూ ఒక విదేశీ శాస్త్రవేత్త కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. డాక్టర్ వచ్చేసరికే ప్రాణం లేదు. ఆయన కాళ్ళ దగ్గర ఉండాల్సిన చిన్న పెట్టె కూడా లేదు.

“పెట్టెలో ఏముంది సర్?” కిసుము నుంచి ఫోన్‌లో అడిగాడు డాల్మస్ ఒబురా.

“ముందు కోడ్ చెప్పు.”

“సరస్సు మీద పొగమంచు.”

“పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి. విను,” అన్నాడు కర్నల్ ముటిసో. “పెట్టెలో దోమలు. ఏ మలేరియా మందుకీ లొంగని క్రిమి ఉంది వాటిలో. విదేశీ ముఠా కొట్టేసింది. టార్గెట్ మీ వీధే.”

“ఎల్లుండి టీకా పరీక్ష ఉంది సర్.”

“అందుకే. మీవాళ్ళు టీకా వేసిన వాలంటీర్లని దోమలతో కుట్టించేది మామూలు మందుతో నయమయ్యే రకంతో. ఆ దోమలున్న కప్పు తీసేసి వీళ్ళ కప్పు పెడితే?”

“మనిషి పోతాడు.”

“మీ వీధీ పోతుంది. మీ ల్యాబుల బలం మెషీన్లు కాదోయ్, నమ్మి చెయ్యి చాపే జనం. ఒక్క శవం లేస్తే ఏ తల్లీ బిడ్డ వేలు గుచ్చనివ్వదు. అప్పుడిక ఆ ముఠా అమ్మబోయే టీకాకి పోటీ ఉండదు. సాయానికి ఏజెంట్ కవీరాని పంపుతున్నా.”

దోమల్ని పెంచే గది, పక్కనే పిల్లల ఆసుపత్రి, ఎదురుగా రక్తంలోని క్రిమి గుట్టు విప్పే ల్యాబు, ఆ వెనక మందుల గిడ్డంగి. సరస్సు ఒడ్డున ఆ ఒక్క వీధిలోనే ఇన్నీ ఉన్నాయి. అక్కడ డాల్మస్ మూడేళ్ళుగా స్వీపర్ వేషంలో ఉన్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికి గోడ అవతలి మాటలు వినిపించే పెన్ను ఇచ్చింది. సాయంత్రాలు దాన్ని చెవిలో పెట్టుకుంటే పక్కింటివాళ్ళు నవ్వుకుంటూ అన్నం తినడం స్పష్టంగా వినిపించేది. రహస్యాలేమీ దొరకలేదు గానీ పెన్ను మాత్రం భేషుగ్గా పనిచేసింది.

భోజనానికి పిలవని ఇల్లు లేదు. కానీ అక్కడ చేతులకి నీళ్ళు పోసే ముందే అడుగుతారు, ఎవరి కొడుకువి, మీ తాత ఎవరు, ఆయన తండ్రి ఎవరు అని. అబద్ధం అన్ని తరాల వెనక్కి సాగదు. అందుకని ప్రతి పిలుపుకీ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాడు. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు.

కవీరా జర్నలిస్టు వేషంలో వచ్చింది. ఎర్ర చెప్పులు, నల్ల కళ్ళజోడు, మనిషి కంటే ముందు వచ్చే సెంటు. మెట్ల మీద అతని పక్కనే కూర్చుని, అతని రొట్టెలో సగం తుంచుకుంది. ఎవరి కొడుకువని అడగలేదు. డాల్మస్ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏడుస్తున్నావా?” అంది.

“మిరియాల ఘాటు.”

“రొట్టెలో మిరియాలా?”

పరీక్ష రోజు పొద్దున్న ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఏ వాసనా లేదు. ఆ వీధిలో పనిచేసేవాళ్ళెవరూ సెంటు పూసుకోరు, వాసన సబ్బు కూడా వాడరు. ఈమె కూడా తమలో మనిషి అయిపోయిందని డాల్మస్ మురిసిపోయాడు.

“గేటు దగ్గర చూసొస్తా,” అని ఆమె లేచి వెళ్ళింది.

చీపురు అందుకుంటుండగా అతని చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ అందరూ సెంటు మానేది దోమల గదిలోకి వెళ్ళాల్సి వస్తుందని. ఆ వాసనకి దోమలు సరిగా కుట్టవు. గేటు దగ్గర నిలబడేదానికి సెంటు మానాల్సిన పనేముంది?

అతను పరుగెత్తాడు. దోమల గది కాపలా మనిషి అపొండి రెండు తలుపుల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది.

“ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిందా అత్తా?”

“పాసు చూపించింది. వాసన చూశా, ఏం లేదు. పంపా.”

లోపల కవీరా తెల్ల కోటులో నిలబడి ఉంది. వాలంటీర్లు తెర అవతల కూర్చుంటారు. గుడ్డ గొట్టంలోంచి చెయ్యి మాత్రమే ఇవతలికి వస్తుంది. ఆ చెయ్యి అపొండి కొడుకు ఒముగాది. వల కట్టిన కప్పు ఆ చేతికి అంగుళం దూరంలో ఉంది.

డాల్మస్ ఆ చేతిని వెనక్కి తోసేసి గుడ్డ మూతి ముడేశాడు.

“ఎవడ్రా అది?” తెర అవతల ఒముగా గొణిగాడు.

కవీరా పిస్తోలు తీసింది. “అడ్డు తప్పుకో డాల్మస్. వల చింపితే ఇవి ఊళ్ళోకి పోతాయి.”

“మెట్ల మీద రొట్టె పంచుకున్నదంతా వేషమేనా?”

ఆమె ఒక్క క్షణం తడబడింది. “అంతా కాదు,” అంది. అని గోటితో వల చీల్చి, కప్పు విసిరేసి, తలుపులోంచి బయటికి దూకేసింది.

వెంటపడితే దోమలు కూడా బయటికి వస్తాయి. డాల్మస్ తలుపు లోపలి నుంచి గడియ పెట్టాడు. చొక్కా విప్పి, గది మధ్య కూర్చుని, రెండు చేతులూ చాపాడు.

“రండి,” అన్నాడు. అవి వచ్చి కుట్టాయి. వాలినదాన్ని వాలినట్టే పీల్చే గొట్టంతో పట్టి సీసాలో వేశాడు.

బయట అపొండి గొంతు వినిపిస్తోంది. “చేతులు పైకెత్తు. ఒంటి మీద దోమ లేదని చూసిందాకా బయటి తలుపు తియ్యను. మంత్రికైనా ఇంతే. ఇదేంటి, తుపాకీయా? దోమల గదిలోకి సామాన్లు తేకూడదమ్మా, ఇటివ్వు.” గార్డులు వచ్చేదాకా కవీరా చేతులెత్తి అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

ఆ వీధి గొప్పతనం డాల్మస్ ఒంటి మీదే తేలింది. సీసాలోని దోమల్ని కోసి ఎదుటి ల్యాబువాళ్ళు క్రిమి రకం పట్టేశారు. గిడ్డంగివాళ్ళు ఏ ఒక్క మందుకీ లొంగని దాన్ని లొంగదీసే మందుల జంటని వెతికి తెచ్చారు. అతనికి జ్వరం వచ్చేసరికే ఆసుపత్రిలో, అతని పేరు బయటపడకుండా, తాళం వేసిన గది సిద్ధంగా ఉంది. ఒముగా మరో కప్పుతో పరీక్ష పూర్తిచేసి హాయిగా తిరుగుతున్నాడు.

కిటికీ అవతల బెంచీ మీద మాటలు వినిపించాయి.

“చెప్పకుండా పోయాడు డాల్మస్,” అంటోంది అపొండి. “వాడూ ఆ దొంగదాని మనిషేనంట. లేకపోతే నీ చెయ్యెందుకు తోసేస్తాడు? ఎవడి కొడుకో చెప్పనివాడిని అప్పుడే అనుమానించాల్సింది. వాడి కోసం చేపల పులుసు కూడా తెచ్చా, ఆ కబురు తెలియక.”

“ఇటివ్వమ్మా, నేను తింటా,” అన్నాడు ఒముగా.

డాల్మస్ కిటికీ వైపు తిరిగి నోరు తెరిచాడు. ఉద్యోగం గుర్తొచ్చి మూసుకున్నాడు. మూడేళ్ళలో ఎన్నడూ ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఫోన్ మోగింది.

“ఆ పుకారు మనదే,” అన్నాడు ముటిసో. “ఇంత మంచి ముసుగు దొరకదు. నిన్నెవరైనా గుర్తుపట్టారా?”

“ఒక్కరు కూడా లేరు సర్.”

“శభాష్. గూఢచారికి ఇంతకన్నా ఏం కావాలి?”

“చేపల పులుసు సర్,” అన్నాడు డాల్మస్. “ఇప్పుడే అయిపోయింది.”