మూడుంబావుకు బ్లాస్టింగు

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు టైమ్ మార్చమని అర్జీ రాసుకెళ్ళిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. బ్లాస్టింగ్ ఆఫీసర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తన పులిహోర డబ్బా కింద పెట్టుకుని, నవ్వింది.

అవును, నవ్వింది. ఆఫీసర్ అంటే మీసాలూ పొట్టా ఉంటాయనుకుని వెళ్ళిన నాకు బల్ల వెనక ఇరవై ఆరేళ్ళ అమ్మాయి కనిపించింది. బూట్ల నిండా బురద, హెల్మెట్ ఒత్తుకుని నుదుటి మీద ఎర్రటి గీత. జేబు మీద శ్రీలేఖ అని పేరు.

“పెళ్ళి ముహూర్తం మార్చమన్నట్టు రాశారేంటండీ టిమోతి గారూ? రెండొందల రంధ్రాల్లో పేలుడు మందు పెట్టాలి. అది పూర్తయ్యేసరికి ఒకరోజు మూడవుతుంది, ఒకరోజు నాలుగవుతుంది. మీ పనే కాస్త అటూ ఇటూ జరుపుకోండి.”

“కిడ్నీలు ఖరాబైన మనిషికి జరుపుకోమని చెప్తరా మేడం?”

ఆమె నవ్వు ఆగింది. నా నోరే ఆగలేదు, ఉన్నదంతా చెప్పేశాను.

మా అమ్మ రాహేలుకు షుగర్ వల్ల రెండు కిడ్నీలూ పోయాయి, చూపూ సగం పోయింది. గుండె బలహీనం, మిషన్ మీద రక్తం శుద్ధి చేస్తే తట్టుకోలేదన్నారు. అందుకని ఇంట్లోనే కడుపు డయాలసిస్. కడుపులో ఒక పైపు ఉంటుంది. రోజుకు మూడుసార్లు పాత నీళ్ళు సంచిలోకి దించి, కొత్తవి రెండు లీటర్లు ఎక్కించాలి. పొద్దున అయిదున్నరకు, మధ్యాహ్నం మూడుంబావుకు, రాత్రి తొమ్మిదిన్నరకు. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మూతికి మాస్కు కట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని చెయ్యాలి. పైపు మూత తీసినప్పుడు నలక కూడా పడకూడదు.

“నేను ఫస్టు షిఫ్టు దిగి, ఇంటికొచ్చి, చేతులు కడిగి, మూత తీస్త. అప్పుడే మీ బ్లాస్టింగు. ఇల్లు దడదడమంటది. పైకప్పు నుంచి దుమ్ము రాలుతది. అది పైపుల పడితే మా అమ్మ ఉంటదా?”

ఆమె అర్జీని డబ్బా కింద నుంచి తీసి, నూనె మరక తుడిచింది.

“ఆ మూత ఎంతసేపు తెరిచి ఉంటుంది?”

“సంచి పెట్టేటప్పుడు ఒక నిమిషం. తీసేటప్పుడు ఒక నిమిషం.”

“టైమ్ మార్చలేనండీ. కానీ రోజూ పేల్చే ముందు మీకు ఫోన్ చేస్తాను. సరిపోతుందా?”

సరిపోతుందన్నాను. రెండు రోజులు చేసి మానేస్తుందిలే అనుకున్నాను.

మానలేదు. గని వర్క్‌షాపు స్టోర్లో లెడ్జరు మూసి, నేను బండెక్కి క్వార్టరుకు చేరేసరికి ఫోన్ మోగేది.

“మూడు ఇరవై అయిదు.”

“సరే మేడం.”

అంతే. వారం పోయాక అది కాస్త పెరిగింది.

“మూడు నలభై. ఆంటీ ఎలా ఉన్నారు?”

“మంచిగనే ఉన్నది. మీరు తిన్నరా?”

“పులిహోర.”

“మళ్ళ పులిహోరేనా?”

“మా అమ్మకు అదొక్కటే త్వరగా అవుతుంది. మీకు అభ్యంతరమా?”

జులైలో ఉరుములు మొదలయ్యాయి. ఉరిమితే గనిలో మందు ముట్టుకోరు. అయినా ఫోన్ మోగింది.

“ఇవాళ బ్లాస్టింగు లేదండీ.”

“లేకుంటే ఫోనెందుకు?”

“లేదని చెప్పొద్దూ?”

బయట వాన కుండపోతగా కురుస్తోంది. పనేమీ లేని ఆ ఫోన్ పావుగంట సాగింది. మంచం మీద పడుకున్న అమ్మ కళ్ళు మూసుకునే ఉంది, చెవులు మాత్రం ఇటే పెట్టింది.

“ఏంది కొడుకా, బాంబులు పేల్చేటి పిల్లకు గంత మెత్తటి గొంతెట్ల వచ్చె?” అంది.

“నువ్వు పండుకో అవ్వా.”

“నేను పండుకుంటే నీ ముచ్చట ఎవరు వినాలె?”

నవ్వాను గానీ లోపల గుబులే. అంతకుముందు రెండు చోట్ల పెళ్ళిచూపులకు వెళ్ళాను. రెండు చోట్లా ఒకటే మాట, ‘మీ అమ్మను ఏదన్న దవాఖానల పెట్టరాదా?’ చాయ్ తాగి లేచొచ్చాను. ఇక పెళ్ళి మాట ఎత్తనని అమ్మ చేత ఒట్టు వేయించాను. ఒట్టు నిలబెట్టుకునే మనిషైతే ఆమె మా అమ్మ ఎందుకవుతుంది? ఒకరోజు ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

“బిడ్డా, ఐతారం మా ఇంటికి రా. కోడి తింటవా?”

“తినను ఆంటీ.”

“అయ్యో పాపం. గట్లయితే పప్పు చేయిస్త, రా.”

ఆదివారం వాళ్ళుండే జ్యోతినగర్ నుంచి స్కూటీ మీద వచ్చింది. నీలం చుడీదార్, తడిసిన జుట్టు. హెల్మెట్ గీత లేని నుదురు చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాను. ముద్దపప్పు, పచ్చిపులుసు నేనే చేశాను. తింటూ కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

“మీ కోపం ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు తెలిసింది టిమోతి గారూ. ఇంత కారమా?”

అమ్మ పడీపడీ నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. అంతా బాగుంది. మూడుంబావు దాకా.

నేను చేతులు కడుక్కోవడానికి లేచాను. ఆమె కూడా లేచింది.

“నాకూ నేర్పండి. మీకు ఎప్పుడైనా వీలు కాకపోతే నేను చేస్తాను.”

“వద్దు.”

“చూస్తానండీ, అంతే.”

“వద్దన్న గదా!” గొంతు పెరిగింది. “దినమంత మట్టిల, మందుల పనిచేస్తరు. ఆ చేతులు పెడితే మా అమ్మ ఖతమైతది.”

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఏం లాభం?

శ్రీలేఖ మొహం పాలిపోయింది. “ఈ చేతులతో మూడేళ్ళుగా రోజూ డిటొనేటర్లు కలుపుతున్నాను. ఒక్కటి తప్పు పోలేదు. వస్తాను ఆంటీ.”

స్కూటీ చప్పుడు మలుపు తిరిగింది. అమ్మ నన్ను దులిపేసింది. “ఆ పిల్ల ఏం పాపం చేసిందిరా?”

పాపం ఆ పిల్లది కాదు, నా భయానిది. నిరుడు నాకు జ్వరమొస్తే చిన్నమ్మ పూలమ్మ ఒక్క పూట చేసింది. మధ్యలో కుక్కరు కూస్తే లేచి వెళ్ళి, మళ్ళీ చేతులు కడగకుండా వచ్చి పైపు ముట్టుకుంది. అమ్మ ఇరవై రోజులు దవాఖానలో చావుతో కొట్లాడింది. అప్పటి నుంచి ఆ పైపు మీద ఇంకో చెయ్యి పడనివ్వలేదు. ఎక్కడికీ పోను, ఎవరినీ రానివ్వను.

ఫోన్లు ఆగలేదు. అదే ఎక్కువ బాధ.

“మూడు పది.” టక్కున కట్.

క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోపే కట్. నెలరోజులు ఇదే వరస. నేనే ఫోన్ చేయొచ్చు కదా అంటారు. చేసి ఏమనాలి? క్షమించు, కానీ పైపు మాత్రం ముట్టుకోకు అనాలా?

ఒక గురువారం డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని వెళ్తే అమ్మ దుప్పటి కడుపు మీదకు లాక్కుని అటు తిరిగింది.

“ఇయ్యాల నీ చేత చేయించుకోను.”

“ఏమైంది అవ్వా?”

“సమ్మె.”

“ఏంది?”

“సమ్మెరా. మీ నాయిన దావీదు ఎన్ని చేయలే? అన్ని సమ్మెలల్ల గంజి కాసిపోసింది నేను. నాకేం కొత్తనా?”

“టైమ్ దాటుతున్నది, జల్ది ఇటు తిరుగు!”

“రెండు గంటలు ఆలస్యమైతే ఏం కాదని డాక్టరే చెప్పిండు.” ఇటు తిరిగింది. సరిగా కనపడని ఆ కళ్ళు నా మొహాన్ని వెతుక్కున్నాయి. “కడుపు నాది. పైపు నాది. ఎవరు ముట్టాల్నో నేను చెప్త. నువ్వొక్కనివే చేసుకుంట పోతే, నేను పోయినంక నీకెవరుంటరు కొడుకా? నాకు చావంటే భయం లేదు. నిన్ను ఒంటరిగ ఇడిచిపోతనని భయమైతది. ఆ పిల్లను పిలువు.”

నాలుగైంది. నాలుగున్నరైంది. బతిమాలాను, అరిచాను, ప్రార్థన కూడా చేశాను. సమ్మె విరగలేదు. నాకు ఏడుపొచ్చింది. అయిదింటికి మొదటిసారి నేనే ఫోన్ చేశాను.

“బ్లాస్టింగు అయిపోయిందండీ,” అంది పొడిగా.

“బ్లాస్టింగు కోసం కాదు శ్రీలేఖా. ఆ దినం నేను అన్న మాట తప్పు. భయంతోని అన్న. అమ్మ మీ చేత్తోనే చేయించుకుంటదట. వస్తరా?”

“పావుగంటలో వస్తాను.”

వచ్చింది. ఉంగరం తీసి చున్నీలో ముడి వేసుకుంది. గోళ్ళు అప్పటికే కత్తిరించి ఉన్నాయి. మోచేతుల దాకా సబ్బు పట్టించి, గడియారం చూస్తూ కడుగుతుంటే నాకు అనుమానమొచ్చింది.

“గిట్ల కడగాలని మీకెవరు చెప్పిన్రు?”

“గ్లోరియా సిస్టర్. నాలుగు ఆదివారాలు నేర్చుకున్నాను.”

గ్లోరియా సిస్టర్ నాకు నేర్పిన నర్సే. “ఆమె మీకెట్ల తెలుసు?”

“ఆంటీ నంబరిచ్చారు. సిస్టర్ ఈ ఆదివారమే పాసన్నారు, ఆంటీ ఇవాళ సమ్మెకు దిగారు.” మాస్కు పైన కళ్ళు నన్ను సూటిగా చూశాయి. “కోపం మీ మీద టిమోతి గారూ. ఆంటీ మీద కాదు.”

“నువ్వు బయటికి నడువు!” అంది అమ్మ లోపలి నుంచి.

తలుపు మూసుకుంది. చిన్నమ్మ చేసిన ఆ పూట తర్వాత ఆ గంటకు నేను బయట ఉండడం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక మెట్ల మీద కూర్చుని లేచి, లేచి కూర్చున్నాను. లోపల ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నలభై నిమిషాలకు తలుపు తెరుచుకుంది.

“మూడు దినాలు చూడాలె,” అన్నాను. అంతకన్నా మంచి మాట దొరకలేదు. “దిగిన నీళ్ళు మసకబారితే ఇన్ఫెక్షన్. తేటగ ఉంటేనే...”

“తెలుసు. సంచి వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడాలి. మూడు రోజులూ వస్తాను.”

శుక్రవారం సంచి వెనక పేపరు పెట్టాను. అక్షరాలు కనిపించాయి. శనివారమూ కనిపించాయి. ఆ రెండు రోజులూ మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ, సంచిని చూసింది ఎక్కువ.

ఆదివారం మూడింటికే వచ్చింది. నీళ్ళు దిగాక సంచిని కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. పేపరు కోసం చెయ్యి చాచాను.

“నేను పెడతాలెండి,” అని సంచి వెనక ఏదో పెట్టింది. పేపరు కాదు. తెల్ల కాగితం మీద నీలం పెన్నుతో రాసిన నాలుగు ముక్కలు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ కనిపిస్తున్నాయి. కానీ నా కళ్ళే మసకబారాయి.

“ఏం రాసున్నదిరా?” అంది అమ్మ. “నాకు కండ్లు ఆనవు. గట్టిగ చదువు.”

శ్రీలేఖ తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

చదివాను. “పొద్దున అయిదున్నరది ఇక నుంచి నేను చేస్తాను. అంత పొద్దున్నే జ్యోతినగర్ నుంచి రాలేను. ఈ ఇంట్లోనే ఉండాలి. ఏమంటారు?”

“మీ నాయినకు చెప్పినవా బిడ్డా?” అంది అమ్మ.

“నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు ఆంటీ. ఇవాళ పొద్దున ఒక్కటే అడిగారు, ఆవిడకు నీళ్ళు తేటగా వస్తున్నాయా అని.”

అమ్మ నా వైపు తిరిగింది. “ఆమె అడిగింది నిన్ను. చెప్పు మరి.”

రెండు లీటర్ల సంచి చేతిలో పట్టుకుని, “ఉండుండ్రి,” అన్నాను. “పొద్దటి పూటకే కాదు, ఎప్పటికీ ఉండుండ్రి.”