కిటికీలో గ్లాసు

శివరామకృష్ణకు తన మీద తనకు చాలా గౌరవం. ఎందుకని అడిగితే మొదట మెయింటెనెన్స్ ఇంజినీర్ ఉద్యోగం గురించి చెప్తాడు. తర్వాత, పొగలు కక్కే కాఫీని కూడా గ్లాసుకు పెదవి తగలకుండా ఎత్తి పోసుకోగలనని చెప్తాడు. మూడో కారణం కోసం ఇంకా వెతుకుతున్నాడు.

అంతటి మనిషి కాజీపల్లిలో ఓ పిల్లల క్రెష్ ముందు చెప్పులు విప్పి నిలబడాల్సి వచ్చింది. పక్కన అక్క కృష్ణప్రియ. ఆమె చంకలో ఏడాదిన్నర కొడుకు విభు. విభు నోట్లో పాలసీసా.

"గ్లాస్‌ల తాగుతడా?" అని అడిగింది క్రెష్ నడిపే స్నిగ్ధ, రిజిస్టర్‌లోంచి తల ఎత్తకుండానే.

"ఇంకా సీసానేనండీ," అంది కృష్ణప్రియ.

"అయితే తీస్కోం అక్కా. మా దగ్గర బాటిల్ బంద్. ఎండకు పాలు ఇరుగుతయ్, ఒకని సీసా ఇంకొకడు గుంజుకుంటడు. గ్లాస్ నేర్పి తీస్కరాండ్రి."

కృష్ణప్రియ మొహం వాడిపోయింది. పక్క వీధిలోని మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. సెలవు అయిపోయింది, సోమవారం చేరాలి. భర్త గుజరాత్ ప్లాంటులో ఉన్నాడు. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, పిల్లాడి వెనక పరిగెత్తలేదు. ఇక్కడ చోటు దొరక్కపోతే ఆ ఉద్యోగం వదులుకోవడమే.

శివరామకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "చూడండి మేడమ్, గ్లాసు నేర్పడం ఎంత పని? రెండ్రోజుల్లో నేర్పిస్తాం. ముందు అడ్మిషన్ ఇవ్వండి."

"రెండ్రోజుల పనే అయితే ఇన్ని దినాలు ఏం జేసిండ్రు సార్?"

అప్పుడు తల ఎత్తింది స్నిగ్ధ. ఆమె కళ్లు చాలా బాగున్నాయని అతనికి తెలిసింది. ఆ కళ్లకు తను ఏమాత్రం బాగా కనిపించడం లేదని కూడా తెలిసింది.

"సోమవారం పొద్దుగాల దాక చోటు ఆపుత," అంది. "అక్క మొకం చూసి. మీ మొకం చూసి కాదు."

వాళ్లది పటాన్‌చెరులో సొంత ఇల్లు. తండ్రి భీమశంకరం గవర్నమెంటు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. కోస్తా నుంచి వచ్చి ఇన్నేళ్లయినా తల్లి కనకమహాలక్ష్మి గారు తన ఇంటిని ఈ ఊళ్లో కలవనివ్వలేదు. ఆ ఇంట్లో దేవుడి పేరు కన్నా ఎంగిలి అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. నీళ్లయినా, మజ్జిగయినా, కాఫీ అయినా తల వెనక్కి వంచి ఎత్తి పోసుకోవాల్సిందే. మూతి పెట్టి తాగే అనాగరికులు వస్తే వాళ్ల కోసం కిటికీలో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. ఆ గ్లాసుకు వంటింట్లోకి ప్రవేశం లేదు.

చదువు మొదలైంది. విభు చేతికి చిన్న వెండి గ్లాసులో పాలిచ్చారు. వాడు రెండు చేతులతో పట్టుకుని, నెత్తి పైకి ఎత్తి, మొహం మీద ఒంపుకున్నాడు. కళ్లలో పాలు, ముక్కులో పాలు. ఊపిరాడక దగ్గి, కాలనీ అంతా వినేలా ఏడ్చాడు.

ఇంజినీరు గారు బజారుకెళ్లి మూతికి ముక్కున్న కప్పు, పక్కన ఎలుగుబంటి చెవులున్న కప్పు, ఇంకేవో కప్పులు తెచ్చారు. విభు ఏ కప్పుకూ అన్యాయం చేయలేదు. అన్నింటినీ నెత్తినే ఒంపుకోబోయాడు. ఆ తర్వాత గ్లాసు కనిపిస్తే చాలు, సోఫా వెనక దూరి సీసా కోసం ఏడవడం మొదలుపెట్టాడు.

"దిష్టి తగిలింది," అని తేల్చేశారు కనకమహాలక్ష్మి గారు. "ఉద్యోగం పోతే పోయింది. పసివాణ్ణి ఇలా హింసపెడతారా?"

కృష్ణప్రియ గదిలోకి వెళ్లి ల్యాబ్ కోటు ఇస్త్రీ చేసుకుంది. అది చూసి శివరామకృష్ణకు మొదటిసారి తన తెలివి మీద అనుమానం వచ్చింది.

మళ్లీ క్రెష్‌కు వెళ్లాడు. ఈసారి గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

"పిల్లాడిలో లోపం లేదండీ. కప్పుల డిజైన్ బాగాలేదు."

"మా తాన ఇరవై మంది పోరగాళ్లు గవే కప్పులల్ల తాగుతున్నరు. మీ ఒక్కనికే డిజైన్ కుదర్లేదా?" అని చొక్కా వంక చూసింది. "పెండ్లికి పోతున్నరా?"

"లేదండీ, డ్యూటీకే."

"మిషన్‌లకు గింత ముస్తాబు ఎందుకు సార్?"

అతను చొక్కా కాలర్ సర్దుకుంటుంటే ఆమె నవ్వింది. వెక్కిరింపే, కాకపోతే చివర్లో కాస్త మెత్తబడింది. "శనివారం కర్దనూర్‌కు పోతున్న, మా ఇంటికి. మీ ఇల్లు తొవ్వలనే గదా. ఒకసారి వచ్చి చూస్త."

శనివారం సాయంత్రం వానతో పాటే వచ్చింది స్నిగ్ధ. స్కూటీ గేటు దగ్గర ఆపి, చున్నీ కొస పిండుకుంటూ లోపలికి అడుగుపెట్టింది. శివరామకృష్ణ తువ్వాలు తెద్దామని పరుగెత్తి, కంగారులో నేలగుడ్డ తెచ్చిచ్చాడు. ఆమె దాన్నీ, అతన్నీ ఒకే రకంగా చూసింది.

కనకమహాలక్ష్మి గారు నీళ్లు తెచ్చారు. కిటికీలోంచి తీసిన గ్లాసులో.

స్నిగ్ధ ఆ గ్లాసు వంకా, వంటింటి గూట్లో మెరుస్తున్న మిగతా గ్లాసుల వంకా చూసింది. మూతి పెట్టి తాగింది.

సోఫా వెనక నుంచి విభు తల బయటికొచ్చింది. వాడు ఆమె పెదవుల్నే చూస్తున్నాడు. మెల్లగా నడిచొచ్చి ఆమె మోకాలు పట్టుకున్నాడు. గ్లాసు కిందికి లాగి, అంచుకు నోరు ఆనించాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

కృష్ణప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎంగిలి," అంటూ కనకమహాలక్ష్మి గారు గ్లాసు లాక్కున్నారు. విభు ఏడుపు అందుకున్నాడు.

స్నిగ్ధ లేచింది. "పిలగానికి గ్లాస్ అంటే భయం లేదమ్మా. గ్లాస్‌కు మూతి పెట్టినోళ్లను వాడు ఈ ఇంట్ల చూడలే. మీరందరు పైకెత్తి పోస్కుంటరు, వాడు గూడ గట్లనే పోస్కున్నడు. ఇగ నేర్పుడు మీ చేతుల్నే ఉంది."

వానలోకి వెళ్లిపోయింది.

శివరామకృష్ణ గొడుగు పట్టుకుని పరుగెత్తాడు. గొడుగు విప్పడం మాత్రం మర్చిపోయాడు. కాలనీ మలుపులో చాయ్ బండి దగ్గర అందుకున్నాడు.

"సారీ అండీ. అమ్మ అలా..."

"ఆమె పద్ధతి ఆమెది. నువ్వేం జేసినవ్? నిలబడి చూసినవ్." కోపంలో మీరు కాస్తా నువ్వు అయింది. అతనికది బాగానే ఉంది.

"చాయ్ తాగుతారా?"

"ఒక్కటే చెప్పు."

చాయ్ వచ్చింది. ఆమె సగం తాగి గ్లాసు అతని ముందుకు జరిపింది. "తాగు."

పుట్టి బుద్ధెరిగాక శివరామకృష్ణ పెదవి ఏ గ్లాసుకూ తగల్లేదు. చెయ్యి అలవాటుగా పైకి లేవబోయింది. కిందికి దించుకుని, ఆమె తాగిన చోటే మూతి పెట్టి తాగాడు. పెదవి కాలింది.

"మేనల్లుని కోసం ప్రాక్టీసా?" అంది స్నిగ్ధ. వెటకారం ఉంది గానీ గొంతు మాత్రం మునుపటిలా లేదు.

"వాడి కోసం ఇంట్లో తాగుతాను. ఇది నా కోసం. నువ్వంటే నాకు ఇష్టం."

స్నిగ్ధ వాన వైపు తిరిగి చున్నీ కొస మళ్లీ పిండుకుంది. "నాకు గూడ నువ్వేం చెడ్డగ లేవు," అంది. "కానీ చాయ్ బండి కాడ అందరు మొగోళ్లే. మీ అమ్మ ముంగట తాగు. కిటికీల గ్లాస్‌తోని నీళ్లు తాగే కోడలు నేను గాను."

ఆదివారం పొద్దున, అందరూ చూస్తుండగా, శివరామకృష్ణ కిటికీలో గ్లాసు తీశాడు. మజ్జిగ పోసుకుని మూతి పెట్టి తాగాడు.

"ఛీ, ఆ గ్లాసా?" అన్నారు కనకమహాలక్ష్మి గారు.

"ఇదేనమ్మా. స్నిగ్ధ తాగిన గ్లాసు. ఆమెను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. ఆమె ఈ ఇంటికి వస్తే గూట్లో గ్లాసు ఇవ్వాలి. లేదా నాక్కూడా ఇదే ఇవ్వాలి."

కృష్ణప్రియ తమ్ముడి చేతిలోంచి గ్లాసు తీసుకుని తనూ ఓ గుక్క తాగింది. పేపరు వెనక నుంచి భీమశంకరం గారి చెయ్యి గ్లాసు కోసం ముందుకొచ్చింది. ఆయన తాగిన తీరు చూస్తే కొత్తగా నేర్చుకుంటున్న మనిషిలా లేదు.

"మీకు అలవాటా?" అన్నారు భార్య.

"ప్లాంటు క్యాంటీన్లో సర్వీసంతా ఇలాగే తాగాను లక్ష్మీ. ఇంటికొచ్చి ఎత్తి పోసుకునేవాణ్ణి."

ఆవిడ మొహం చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. విభు మాత్రం తాత మోకాళ్ల మధ్యకు దూరి గ్లాసు లాక్కుని మజ్జిగంతా తాగేశాడు. ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. చీకటి పడ్డాకే బయటికొచ్చారు.

సోమవారం ఆటో వచ్చేసరికి ఆవిడే ముందెక్కి కూర్చున్నారు, ఒళ్లో సంచి పెట్టుకుని. ఎందుకొస్తున్నారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

క్రెష్‌లో సంచిలోంచి చిన్న వెండి గ్లాసు తీసి స్నిగ్ధకిచ్చారు. "మా వాడిది. దీనిలో తాగుతాడు."

స్నిగ్ధ తీసుకుంది. కృష్ణప్రియ సంతకం పెట్టి, కోటు తొడుక్కుని, కొడుకును ముద్దు పెట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తింది. కనకమహాలక్ష్మి గారు మాత్రం కదల్లేదు.

"దాహంగా ఉంది. కాసిని నీళ్లివ్వమ్మా."

"కొత్త పేపర్ గ్లాస్ ఉంది, తెస్త," అంది స్నిగ్ధ పొడిగా.

"అక్కర్లేదు. అవి చాలు."

ఆవిడ చూపించింది స్నిగ్ధ టేబుల్ మీది గ్లాసును. ఆమె సగం తాగి పెట్టిన గ్లాసది. స్నిగ్ధ శివరామకృష్ణ వంక చూసింది. అతను అమ్మ చేతినే చూస్తున్నాడు.

కనకమహాలక్ష్మి గారు గ్లాసు అందుకున్నారు. చెయ్యి ఒకసారి పైకి లేచి ఆగింది. తర్వాత అంచుకు పెదవి ఆనించి తాగారు. ఎంత వంచాలో తెలియక గడ్డం మీదుగా, పట్టుచీర కుచ్చిళ్ల దాకా నీళ్లు కారిపోయాయి. చిన్నపిల్లలా దగ్గారు.

"అలవాటు లేదమ్మా," అన్నారు సిగ్గుగా.

స్నిగ్ధ విభు మూతి తుడిచే గుడ్డతోనే ఆవిడ గడ్డం తుడిచింది.

"ఏం కాదు అత్తమ్మా," అంది. "మొదట్ల అందరు గిట్లనే ఒలకబోస్తరు."