తొంభై తొమ్మిదో వెర్షన్

“పైన కుండపోత వాన. ఎగువ స్టేషన్ కొలత మాత్రం పొద్దుటి నుంచి అంగుళం కదల్లేదు. మీ కోడ్ నిద్రపోతోందా?”

అడిగింది వరద హెచ్చరికల ఆఫీసులో టెస్టర్. ఆ కోడ్ రాసిన ప్రోగ్రామర్ పక్క కుర్చీలో బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. రెండు వారాల క్రితం దాకా ఇద్దరూ ‘నువ్వు’ అనుకునేవారు. ఉన్నట్టుండి ఈ మహానుభావుడు ‘మీరు’లోకి దిగాడు. వేరే శాఖకు బదిలీ కూడా అడిగాడు. ఎందుకో చెప్పలేదు. ఆమెకు ఒళ్లు మండదా మరి?

“స్టేషన్లు పంపే ఫైళ్లు తెరిచేది ఏది?”

“నా ఫంక్షనేనండి. ఫైలు మీద వెర్షన్ నంబరు ఒకటి నుంచి మూడు దాకా ఉంటేనే తెరుస్తుంది.”

“లేకపోతే?”

“వదిలేస్తుంది.”

“ఎవరికీ చెప్పకుండానా!”

ఆమె కీబోర్డు లాక్కుంది. తెరవని ప్రతి ఫైలు పేరూ, కారణమూ చూపించేలా ఒక లైను చేర్చింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. కీబోర్డుకి చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

“ఆగండి, అది నేను చేస్తాను!”

“కింద ఊళ్లు మునిగాకా?” అని రన్ నొక్కింది.

తెర మీద రెండు పేర్లు పడ్డాయి. మొదటిది ఎగువ స్టేషన్‌ది: కొత్త మీటరు, వెర్షన్ నాలుగు. రెండోది ఆమె టెస్ట్ ఫోల్డర్‌లోనే ఉంది, రెండు వారాల నాటిది: వెర్షన్ తొంభై తొమ్మిది.

“నాలుగులో కొత్తగా ఏముంది?”

“చివర్లో బ్యాటరీ వివరం. అంతే.”

ఆమె కోడ్‌లో ఆ మూడును నాలుగు చేసింది. నీటిమట్టం గీత ఒక్కసారిగా పైకి లేచింది. ఆమె ఫోన్ అందుకుని దిగువ ఊళ్లకు హెచ్చరిక చెప్పింది. “ఖాళీ చేయిస్తున్నాం, టైముంది” అని అవతలి గొంతు అన్నాక గానీ ఇద్దరూ ఊపిరి పీల్చుకోలేదు.

“ఇప్పుడు ఇదేంటో చెప్పండి,” అంటూ రెండో ఫైలు తెరిచింది.

‘నువ్వంటే నాకు ప్రాణం. ఇష్టం లేకపోతే ఏమీ అనకు, నేనే తప్పుకుంటాను.’

“వేరే ప్రోగ్రాములేవీ తెరవకూడదని ఆ నంబరు పెట్టాను,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “టెస్టులకి మీరు వాడే టూల్ మాత్రం అన్నీ తెరుస్తుందనుకున్నాను.”

“నా టూల్ కూడా నీ ఫంక్షన్‌తోనే ఫైళ్లు తెరుస్తుంది, మొద్దూ!” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఏం తప్పు చేశానా అని రెండు వారాలు ఏడ్చాను.”

“అంటే...”

“ఆ బదిలీ కాగితం వెనక్కి తీసుకో. సాయంత్రం ఇంటికొచ్చి మా నాన్నని అడుగు. ఫైల్లో కాదు, నోటితో.”

“ఆయన వద్దంటే?”

“వద్దంటే కారణం చెప్పాలి,” అంది ముక్కు తుడుచుకుంటూ. “ఆ లైను ఇందాకే చేర్చానుగా.”