మాగాయ సీసాలో సోడియం

"పీతలు గుల్లవా, గట్టివా?"

"గుల్లవే. డెక్కలు మాత్రం గట్టివి."

సంకేతం సరిపోయింది. గిలకలదిండి హార్బరులో ఐసు ఫ్యాక్టరీ వెనకగది తలుపు తెరుచుకుంది. కృష్ణా ముఖద్వారాన్ని పదకొండేళ్లుగా పరదేశీయుల బారి నుంచి కాపాడుతున్న ఏజెంట్ ఏలీయా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లాడు. అమోనియా, కుళ్లిన రొయ్యతలలు, తడిగోనెలు. ఈ మూడింటి సంగమానికి బయట ఐసు క్యూలో నిలబడ్డ పాతిక తెల్ల పికప్‌ల డీజిల్ పొగ నాలుగో నదిలా వచ్చి కలుస్తోంది.

శాఖాధిపతి దైవాధీనం గారు ఐసు దిమ్మ మీద గోనె పరుచుకుని, సింహాసనం మీద చక్రవర్తిలా ఆసీనులై ఉన్నారు.

"కూర్చో."

"నిలబడతానండి."

"లిస్టు పోయింది."

బందరు నుంచి దివిసీమ దాకా కొత్త పడవ కనబడితే శాఖకు కబురు పంపే జాలరులు పన్నెండు మంది. వాళ్ల పేర్లన్నీ గోరంత మెమరీ కార్డులో ఉన్నాయి. తొమ్మిది రోజుల క్రితం 'నీలిపీత' అనే విదేశీ ముఠా దాన్ని కాజేసింది.

"అది సముద్రం దాటితే?"

"పన్నెండు మందీ వేటకు వెళ్తారు. తిరిగి రారు. మొదటి పేరు కోటిలింగం."

ఏలీయా రుమాలు దించాడు. కోటిలింగం అతనికి చుట్టం కాడు. ఒకే మతమూ కాదు. తుఫానునాడు కాలు విరిగిన ఏలీయాను భుజాన వేసుకుని కోడూరు దాకా నీళ్లలో నడిచినవాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరికొకరు బావ.

"కార్డు ఒక పికప్‌లో ఉంది," అన్నారు దైవాధీనం గారు. "టర్బో బండి. పైగా ట్యూనింగ్ చేయించారు. కంపెనీ ఇచ్చిన శక్తికి రెట్టింపు. ఒకసారి వెంబడిస్తే పామర్రు దగ్గర మన జీపుకి ఆయాసం వచ్చింది. నంబరు ప్లేటు పూటకొకటి. రెండుసార్లు ఆపి సీట్లు, టైర్లు, ఐసు పెట్టెలు వెతికాం. లేదు. మూడోసారి ఆపితే కోర్టుకెళ్తామని వాళ్ల లాయరు నోటీసిచ్చాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కార్డు పడవెక్కుతుందట. ఎక్కడన్నది తెలీదు."

"ఎవరు చెప్పారండి?"

"ప్రేమ."

ఆ బండి ప్రేమ ట్రాన్స్‌పోర్టుదే. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, పది గజాల ముందే వచ్చేసే సెంటు. ముఠా రహస్యాలు శాఖకూ, శాఖ రహస్యాలు ముఠాకూ సమానంగా పంచే ఆమె నిష్పాక్షికత న్యాయమూర్తులకు సైతం ఆదర్శప్రాయం.

"రేపు గుడివాడ షెడ్డులో దానికి ఆయిల్ మారుస్తారు. కాలిన ఆయిల్ అబద్ధమాడదు. బండి ఎక్కడ తిరిగిందో చెప్పేస్తుంది. శాంపిలు పట్టు."

"సీసా ఇప్పించండి."

"ఇండెంటు పెట్టి రెండేళ్లయింది. ఇంట్లో ఏదన్నా చూసుకో."

మర్నాడు ఏలీయా మెకానిక్ వేషంలో పికప్ కింద వెల్లకిలా పడుకున్నాడు. వేడి నల్లనూనె మోచేతి మీదుగా చంకలోకి దిగింది. ఇంజిన్ అడుగున నూనె నిలిచే గిన్నె ఉంటుంది. షెడ్డు వాళ్లు దాన్ని ఛాంబరంటారు. దాని అంచున పొంగి ఉన్న ఎర్రటి పేస్టు ఒకటి మీసానికి అంటుకుని ఊడిరానంది. దేశం కోసం ప్రాణమిస్తానని ప్రమాణం చేసినప్పుడు ఈ భాగం ఎవరూ చదివి వినిపించలేదు. నూనెను భార్య అన్నమ్మ మూడుసార్లు కడిగిచ్చిన సీసాలో పట్టి, బండి కథంతా చెప్పి సత్యవతమ్మ గారి ల్యాబులో ఇచ్చాడు. ఆమె రైల్వే డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్లు కాలిన నూనెలు పరీక్షించి, గుడివాడలో స్థిరపడిన విదుషి.

ఆదివారం పొద్దున రిపోర్టు ఫోనులోకి వచ్చింది. పది లక్షల పాళ్లలో ఇనుము పద్దెనిమిది. అల్యూమినియం నాలుగు. సిలికాన్ తొంభై ఆరు. సోడియం నాలుగు వందల పది. పొటాషియం రెండు. డీజిల్ కలిసినది ఆరు శాతం.

రెండు వారాల ఢిల్లీ శిక్షణ ఏలీయాలో విజృంభించింది. సిలికాన్ అంటే ఇసుక. సోడియం అంటే ఉప్పు. పొటాషియం రెండే కనుక ఇంజిన్ను చల్లబరిచే కూలెంటు లీకు కాదు, సముద్రమే. ఇసుకా ఉప్పూ కలిసే చోటు మంగినపూడి.

"ఎంత చక్కగా చదివారండీ," అతను వినిపించగానే అంది ప్రేమ ఫోనులో. "నేనూ అక్కడికే వస్తాను."

రెండు గంటలకల్లా శాఖ సర్వసైన్యసమేతంగా బీచిలో మోహరించింది. దైవాధీనం గారు మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. ఏలీయా మెడలో కెమెరాతో ఫొటోగ్రాఫరయ్యాడు. కాళ్ల కింద చీకేసిన కంకులు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎవరి బిడ్డదో డైపరు, ఎండకు కరుగుతున్న జెల్లీచేప. రెండున్నరకు ప్రేమ కొబ్బరిబొండాం తాగొస్తానని వెళ్లింది. మూడైనా రాలేదు. పికప్పూ రాలేదు.

ఏలీయా గుడివాడకు ఫోన్ చేశాడు.

"ఇసుకుంది, ఉప్పుంది, బండి లేదమ్మా."

"రిపోర్టు అడుగున 'ఫోన్ చేయగలరు' అని రాశాను. చదవలేదా?" అన్నారు సత్యవతమ్మ గారు.

"అంకెలు చదివానండి."

"అదే జబ్బు. ఒక్క అంకె చదివితే జాతకం కాదు నాయనా, పక్క అంకెను కూడా అడగాలి. ఇసుక లోపలికి పోతే ఇంజిన్ను ఆకురాయిలా గీరేస్తుంది. ఇనుము వంద దాటాలి. అల్యూమినియం లేవాలి. అవి రెండూ పడుకుని సిలికాన్ ఒక్కటే లేచిందంటే అది ఇసుక కాదు, పేస్టు. మొన్నీమధ్య ఎవడో ఛాంబరు విప్పి, సిలికాన్ పేస్టు దిట్టంగా పూసి మూశాడు."

ఏలీయా చెయ్యి మీసం మీదికి వెళ్లింది. ఎర్రటి ఉండ ఇంకా అక్కడే ఉంది. కార్డు తన ముక్కుకు జానెడు దూరంలో, ఛాంబరులో ఉండగా తాను దాన్ని తిట్టుకుంటూ పడుకున్నాడు.

"మరి సోడియం?"

"ఏ సీసాలో పట్టావు?"

ఒక అల వచ్చి వెళ్లింది.

"మాగాయ సీసా అండి. మూడుసార్లు కడిగాం."

"మూత లోపల అట్టముక్క తీసి కడిగారా?"

ఇంకో అల వచ్చింది.

"ముప్పై ఏళ్లలో మాగాయ ఊటకి రిపోర్టు రాయడం ఇదే మొదలు," అన్నారామె.

"అమ్మా, బండెక్కడుందో చెప్పగలరా? ఒక మనిషి ప్రాణం."

ఆమె గొంతు మారింది. "డీజిల్ ఆరు శాతం దిగింది. ఇనుము అరగలేదు. రెట్టింపు శక్తి పెట్టించింది మిమ్మల్ని ఒకసారి భయపెట్టడానికే. తరవాత పరుగే లేదు. ఇంజిన్ ఆపకుండా గంటలకొద్దీ ఒకచోట నిలబెట్టారు. కాలని డీజిల్ నూనెలోకి కారింది. మీ బందరులో పగలల్లా ఇంజిన్ ఆపకుండా బండ్లు నిలబడేదెక్కడ?"

ఐసు క్యూ. తాము రహస్య సమావేశం జరిపిన గది గుమ్మం ముందు.

మూడూ యాభై ఆరుకు జీపు గిలకలదిండి చేరింది. రేవు అంచున తెల్ల పికప్ చెడిపోయినట్టు బానెట్టు ఎత్తి నిలబడి ఉంది. విప్పిన ఛాంబరు పక్కన పడి ఉంది. నేలంతా నల్లనూనె, దాని మీద పొలుసులు, వాటి మీద ఈగలు. ప్రేమ పట్టుకుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేతి వేళ్ల మధ్య నూనె కారే చిన్న ప్లాస్టిక్ పొట్లంతో మరబోటు ఎక్కే పలక మీద కాలు పెట్టింది. బోటు ఇంజిన్ మోగుతోంది. నూనె మీద ఏలీయా రెండడుగులు వేసి మూడోది జారి పడ్డాడు.

పలక పక్కన వల అల్లుకుంటున్నవాడు కోటిలింగం. పలకెక్కే ఆడమనిషికి దగ్గరున్నవాడు చెయ్యి అందించడం ఆ రేవు మర్యాద; ఆమె ఎవరన్నది ఎవరూ అడగరు.

"జారుద్దమ్మా, చెయ్యివ్వండి," అంటూ అతను పొట్లమున్న చేతినే పట్టుకున్నాడు.

నూనెచెయ్యి, తడిచెయ్యి. పొట్లం సబ్బుబిళ్లలా జారి, చేపపేగుల తొట్టిలో మునిగింది. ఏలీయా పాకుతూ వెళ్లి భుజాల దాకా అందులో చేతులు దించాడు. వెచ్చగా, జిగటగా, ఏవేవో వేళ్లకు చుట్టుకున్నాయి. కళ్లు మూసుకుని వెతికి, పొట్లం పైకి తీశాడు. అప్పుడు నాలుగైంది.

"మీకిద్దామనే తెస్తున్నానండీ," అంది ప్రేమ మృదువుగా. సగం కాలిన పొత్తు చేతిలోనే ఉన్న దైవాధీనం గారు రెండో చేత్తో ఆమెకు బేడీలు వేశారు.

"ఏంటి బావా అది?" అన్నాడు కోటిలింగం.

"నీ పేరు బావా."

కోటిలింగం వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "నా పేరు మరీ ఇంత కంపా?"

ఈ ఘనవిజయానికి చలించిన శాఖ నెల తిరక్కుండా ఇండెంటు మంజూరు చేసి, గాలి చొరని మూతలున్న శాంపిలు సీసాలు రెండు డజన్లు పంపింది. ఏలీయా డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి అన్నమ్మ వాటి నాణ్యతను మెచ్చుకుంటూ, ఆ ఏటి మాగాయ ఇరవై నాలుగో సీసాలోకి ఎత్తుతోంది.