సుబేదార్ గారి దగ్గు, మూడు జాయ్‌స్టిక్‌లు

"ఇదీ బాగాలేదు," అంది ఛాయాదేవి.

దశరథ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఇది మూడో జాయ్‌స్టిక్. మొదటిది పొట్టిగా, తలమీద ఎర్ర బంతితో ముద్దుగా ఉంది. బాగాలేదంది. రెండోది పొడుగ్గా చిన్న రోకలిలా ఉంది, కదిపితే లోపల టిక్కుమంటుంది. అదీ బాగాలేదంది. ఈ మూడోది అతను స్వయంగా చేసింది. విరిగిన గొడుగు కడ్డీ, పాత టేప్‌రికార్డర్లోంచి పీకిన స్ప్రింగు, నాలుగు రాగి రేకులు. దీనికోసం సినిమాలు కూడా మానుకున్నాడు పాపం.

"ఏం బాగాలేదో చెబితే కదండీ బాగుచేసేది. బిగుసుగా ఉందా? వదులుగా ఉందా?"

"తెలీదు. మత్లబ్... నేను పక్కకి తప్పుకుందామనుకుంటా. తప్పుకునేలోపే రాయి వచ్చి కొట్టేస్తుంది."

"రాయి తప్పేం లేదండి. అది దాని టైముకే వస్తోంది."

"అయితే తప్పు నాదా?"

"నేనలా అనలేదు."

"అన్నారు. మొహంతో అన్నారు."

ఆ మొహం పెట్టుకునే దశరథ్ జాయ్‌స్టిక్ బిగించిన పలక కిందికి దూరి, మళ్ళీ స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

ఇదంతా జరుగుతున్నది ఢిల్లీ కంటోన్మెంటులో, సుబేదార్ వీరభద్రరావు గారి క్వార్టర్ వెనకున్న స్కూటర్ షెడ్డులో. ఏషియాడ్ అయిపోయి మూడేళ్ళు దాటింది. ఊళ్ళో ఎవరింట్లో చూసినా కలర్ టీవీ, ఏ బజారులో చూసినా వీడియో గేమ్ పార్లర్. మూతపడిన ఒక పార్లర్ నుంచి ఎలక్ట్రానిక్ సామాను అమ్మే లజపత్‌రాయ్ మార్కెట్‌కి చేరిన ఆట బోర్డు ఒకటి దశరథ్ కంటపడింది. దాన్ని పాత టీవీకి కలిపి, ప్లైవుడ్ పెట్టెలో కూర్చోబెట్టాడు. ఆకాశంలో బుల్లి విమానం, ఎదురుగా వచ్చిపడే రాళ్ళు. కుడిపక్క జాయ్‌స్టిక్ కదిపితే విమానం కదులుతుంది. ఎడమపక్క బొత్తాం నొక్కితే కాలుస్తుంది. అంతే ఆట.

దశరథ్‌ది కాకినాడ. ఫరీదాబాద్‌లో ఒక టీవీల కంపెనీలో సర్వీసు టెక్నీషియన్. సుబేదార్ గారి టీవీలో బొమ్మ పచ్చబడితే బాగుచేయడానికి వచ్చాడు. తెలుగు కుర్రాడని తెలియగానే ఆయన భార్య నాగేశ్వరమ్మ గారు పెసరట్టు వేసింది. ఆ పెసరట్టు తింటుండగా సుబేదార్ గారు, ఫిబ్రవరిలో రెజిమెంట్ మేళా ఉందనీ, ఏటా అదే రింగులు విసిరే ఆటతో కమాండింగ్ ఆఫీసరుకి విసుగొచ్చిందనీ చెప్పారు.

"వీడియో గేమ్ పెడదాం అంకుల్. నేను చేసిస్తాను," అనేశాడు దశరథ్.

అప్పటికి అతను జీవితంలో ఒక్క వీడియో గేమ్ పెట్టె కూడా చేసి ఉండలేదు. అయితే ఆ సమయానికి గుమ్మంలో వాళ్ళమ్మాయి ఛాయాదేవి నిలబడి ఉంది. మనిషి చేత ఎంత మాటైనా అనిపించే నిలబడటం అది.

వచ్చిన చిక్కల్లా సుబేదార్ గారి దగ్గుతోనే.

మొదటి రోజు ఆమె టీ గ్లాసు అతనికి అందించబోయింది. పేపర్ చదువుకుంటున్న సుబేదార్ గారు చిన్నగా దగ్గారు. ఆమె చప్పున ఆగి, గ్లాసు బల్లమీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇంకో ఆదివారం అతను అడిగిన వైరు ముక్క ఇవ్వబోతోంది. షెడ్డు బయట ఎండలో మంచం మీంచి మళ్ళీ దగ్గు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. పకోడీల పళ్ళెం తెచ్చినా దగ్గు. పడిపోయిన స్క్రూ తీసిచ్చినా దగ్గు. ఇంతా చేసి ఆయనకి జలుబు లేదు.

కరోల్‌బాగ్ గదిలో దశరథ్‌తో పాటు లక్ష్మీపతి అనే సివిల్స్ అభ్యర్థి ఉండేవాడు. సలహా అడిగితే కాదనే రకం కాడు.

"అది దగ్గు కాదురా, షోకాజ్ నోటీసు," అన్నాడు లక్ష్మీపతి. "మా అమ్మాయికి దూరంగా ఉండు అని ఆర్మీ మనిషి మర్యాదగా చెప్పే పద్ధతి. రేపు దగ్గు ఆపేసి మాట్లాడితే అప్పుడుంటుంది నీకు."

దశరథ్ నమ్మాడు. ఎలాగూ మేళా అయ్యేదాకా ఆ గేటు తీయడానికి ఒక కారణం ఉంది. ఆ తర్వాత ఏ సాకూ లేదు. ఆయన నోరు విప్పి చెప్పకముందే పరువుగా తప్పుకోవాలనుకున్నాడు. అనుకున్నాక రెండు పూటలు అన్నం సయించలేదు.

కానీ ఒక సంగతి మాత్రం అతన్ని తొలిచేస్తోంది. అదే జాయ్‌స్టిక్‌తో లక్ష్మీపతి వచ్చి అరగంట ఆడి వెళ్ళాడు. పక్క క్వార్టర్ హవల్దారు ఆడి షాబాష్ అన్నాడు. అరిటికాయ తరుగుతూ వచ్చిన నాగేశ్వరమ్మ గారు సైతం నాలుగు రాళ్ళు పగలగొట్టి వెళ్ళింది. ఛాయాదేవి ఒక్కతే ఆడలేకపోతోంది. స్ప్రింగు మార్చాడు, రేకులు వంచాడు, కర్ర పొట్టి చేశాడు. ఏం చేసినా రాయి వచ్చి కొడుతూనే ఉంది. పోనీ విసుగొచ్చి మానేస్తుందా అంటే అదీ లేదు. ప్రతి ఆదివారం వచ్చి, ఓడిపోయి, బాగాలేదని చెప్పి మరీ వెళుతుంది.

ఎందుకు? రాత్రి పడుకున్నా అదే ప్రశ్న.

మేళాకి ముందురోజు శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. చలికాలపు ఢిల్లీ వాన, తడిపేది తక్కువ, వణికించేది ఎక్కువ. షామియానాలు తడుస్తాయేమోనని సుబేదార్ గారు మైదానానికి వెళ్ళారు. దశరథ్ పెట్టె వెనక చతికిలబడి స్పీకరు వైరు కలుపుతున్నాడు. ముందువైపు ఛాయాదేవి నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా ప్లైవుడ్ ఉంది కనక అతనికి ధైర్యం వచ్చింది.

"రేపటితో పని అయిపోతుందండి. ఇంక నేను రాను."



"ఠీక్ హై," అంది ఆమె.

అంతే అన్నందుకు అతనికి ప్రాణం ఉసూరుమంది. వైరు అంటించాడు. స్పీకరు పలికింది. ఆట మొదలైన సంగీతం, రాయి పగిలిన చప్పుడు. మరో రాయి. ఇంకో రాయి. వరసగా పగులుతూనే ఉన్నాయి. కాసేపటికి స్పీకర్లోంచి అతనెప్పుడూ వినని కొత్త పాట మొదలైంది. బోర్డు కొన్నవాడికే తెలియని పాట.

దశరథ్ పెట్టె పక్కనుంచి మెల్లగా తల బయటపెట్టాడు.

ఛాయాదేవి వినాయకుడి ముందు గుంజీళ్ళు తీసేవాళ్ళలా చేతులు అడ్డంగా వేసుకుని నిలబడి ఉంది. ఎడమ చెయ్యి కుడివైపుకి చాచి జాయ్‌స్టిక్ పట్టుకుంది. కుడి చెయ్యి దాని కిందుగా వచ్చి ఎడమవైపు బొత్తాం మీద ఉంది. కళ్ళు రెప్పవేయడం లేదు. విమానం రాళ్ళ మధ్యనుంచి చేపపిల్లలా జారిపోతోంది.

"అదేంటండీ అలా?"

ఆమె ఉలిక్కిపడి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. విమానం పేలిపోయింది.

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటండీ, ఇంతవరకు ఎవరూ అంతదూరం వెళ్ళలేదు."

"నాన్నకి చెప్పకండి, ప్లీజ్."

"ఏం చెప్పకూడదు?"

"నాది ఎడమ చెయ్యి," అంది ఆమె తల దించుకుని. "చిన్నప్పుడు అమ్మమ్మ ఆ చేతికి గుడ్డ కట్టేసేది. రాయడం కుడి చేత్తోనే నేర్చుకున్నా. తినడం కూడా. కానీ నేను వేరే ఆలోచనలో ఉంటే చెయ్యి మర్చిపోతుంది. దానంతటదే ముందుకొచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడల్లా నాన్న దగ్గుతారు."

దశరథ్ పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. టీ గ్లాసు, వైరు ముక్క, పకోడీల పళ్ళెం. ప్రతిసారీ అతను చూసింది ఆమె మొహాన్నే. మొహం అలాంటిది అయినప్పుడు చేతుల్ని ఎవరు చూస్తారు?

"ఆ దగ్గు అందుకా?"

"మరెందుకనుకున్నారు?"

చెప్పాడు. షోకాజ్ నోటీసు మాటతో సహా చెప్పాడు. ఆమె గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగింది.

"అందుకని రానన్నారా?"

"అందుకేనండి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు... జాయ్‌స్టిక్ బాగుచేయాలి కదండీ."

"జాయ్‌స్టిక్‌కి ఏం కాలేదు. చేతులు అడ్డంగా వేస్తే నాకు బాగానే వస్తోందని పదిహేను రోజుల కిందటే తెలిసిపోయింది."

"మరి బాగాలేదంటూ వచ్చారు?"

"బాగుందంటే పని అయిపోయిందని వెళ్ళిపోరూ?"

దశరథ్‌కి లోపల చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో రంపం తీసుకుని కొత్త పలక కోయడం మొదలుపెట్టాడు. ఈసారి జాయ్‌స్టిక్ ఎడమపక్కకి, బొత్తాం కుడిపక్కకి వచ్చాయి. మూడు జాయ్‌స్టిక్‌లూ ఒక్కొక్కటే బిగించి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని, ఎడమ చేత్తో ఒక్కోదాన్నీ నలుదిక్కులా తిప్పి చూసింది. ఇంతకాలం ఓడిపోవడమే తప్ప ఆమె నిజంగా ఎంచుకోవడం ఇదే మొదలు.

"ఎర్ర బంతిది," అంది. "వేళ్ళతోనే తిరుగుతుంది. చెయ్యంతా కదపక్కర్లేదు."

"మరి నేను చేసింది?"

"మీది నిజంగానే బాగాలేదు."

తక్కినవాళ్ళ సంగతేమిటని అతనికి ఒక అనుమానం మిగిలింది. తనే నిలబడి ఆడి చూశాడు. ఎడమ చేత్తో విమానాన్ని నడపడం రెండు ఆటల్లో అలవాటైపోయింది. టకటకా బొత్తాం నొక్కాల్సిన కుడి చెయ్యి ఇదివరకటి కంటే హుషారుగా ఉంది. కుడిచేతివాళ్ళకీ ఇదే నయం. మరి అందరూ కర్రని కుడిచేతికే ఎందుకు ఇద్దామనుకుంటారో అతనికి అర్థం కాలేదు.

ఆదివారం తెల్లారేసరికి వాన వెలిసింది. మేళాలో వీడియో గేమ్ ముందు వరస జిలేబీ కొట్టు దాకా సాగింది. ఎలా ఆడాలో చూపించే పని ఛాయాదేవిది. ఎడమ చెయ్యి ఎర్ర బంతి మీద వేసి, అంతమంది ముందూ రాళ్ళు పగలగొడుతోంది.

సుబేదార్ గారు వచ్చి దశరథ్ పక్కన నిలబడ్డారు. కూతురి చెయ్యి చూశారు. గొంతు సవరించుకోబోయారు.

ఆమె తప్పుకుని ఒక జవానుకి చోటిచ్చింది. అతనూ ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు. అతని తర్వాత ఒక కెప్టెన్ గారి భార్య. ఆవిడదీ ఎడమ చెయ్యే. ఆ తర్వాత సాక్షాత్తూ కమాండింగ్ ఆఫీసరు గారు. రెజిమెంట్ మొత్తాన్ని చూసి దగ్గడం ఎలా? ఆయన గొంతులోది గొంతులోనే మింగేశారు.

మళ్ళీ కూతురి వంతు వచ్చాక అడిగారు. "ఆ కర్ర అటువైపుకి ఎందుకు మార్చావు బాబూ?"

"అటైతేనే బాగుందండి."

"ఎవరికి?"

"అందరికీ అండి."

"అబద్ధం చెప్పడం రాదు నీకు." ఆయన చూపు కూతురి మీదికి వెళ్ళింది. "సరదాకి దగ్గుతున్నాననుకోకు. రేపు ఎవరింటికి వెళుతుందో ఏమో. అక్కడ మర్చిపోయి ఎడమ చేత్తో వడ్డిస్తుంది. ఎవరో ఒకరు ఒక మాట అంటారు. పరాయి చోట ఆ మాట పడేకంటే, ఇక్కడ నా దగ్గు పడటం నయం కదా అని."

దశరథ్‌కి లక్ష్మీపతి సలహాలు ఏవీ గుర్తురాలేదు. రాకపోవడమే మంచిదైంది.

"ఆ ఇల్లు మాది అయితే మీరు దగ్గక్కర్లేదండి."

సుబేదార్ గారు అతనికేసి పరేడ్‌లో జవాన్ని చూసినట్టు కిందినుంచి పైదాకా చూశారు.

"మీ అమ్మగారో?"

"మా అమ్మ ఒక మాట అంటుందండి. అబద్ధం చెప్పను. కానీ అది పడాల్సింది ఈవిడ కాదు. నాతో తేల్చుకోమంటాను."

పెట్టెలో పెద్ద చప్పుడుతో విమానం పేలిపోయింది. ఛాయాదేవి ఇటు తిరిగింది. ఆమె బుగ్గలు కందిపోయి ఉన్నాయి.

"ఎవరిల్లో ఏమిటో మీరిద్దరూ మాట్లాడేసుకుంటున్నారు. నన్ను ఎవరైనా అడుగుతారా?"

సుబేదార్ గారు టోపీ సర్దుకున్నారు. "అడుగు బాబూ. నేను జిలేబీ తినొస్తాను. నిదానంగానే తింటాను," అని నడిచి వెళ్ళిపోయారు. వెళుతుంటే ఆయన మీసాల కింద నవ్వు దశరథ్‌కి కనిపించింది.

వరసలో వెనకనుంచి ఎవరో "భయ్యా, ఖేల్‌నా హై తో ఖేలో" అని, ఆడితే ఆడమంటూ అరిచారు. ఇద్దరూ కదల్లేదు.

"మీ అమ్మగారికి నా ఢిల్లీ తెలుగు అర్థమవుతుందా?" అంది ఆమె మెల్లగా.

"మొదట్లో కొంచెం కష్టమేనండి."

"అయితే ఇది సరిగ్గా వచ్చిందో లేదో చెప్పండి." ఊపిరి పీల్చుకుంది. "మీరంటే నాకు ఇష్టం. మీ ఇంటికి రావాలని ఉంది."

"చాలా సరిగ్గా వచ్చిందండి," అన్నాడు దశరథ్. అని, మేళా చప్పుడులో సరిగ్గా వినపడలేదని అబద్ధం చెప్పి ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.